మేకల వారి అమ్మాయి రాస్ అల్ ఖైమా కాపురానికి వెళ్ళింది

"మన ఇంటిపేరు మంటగలిపావు కదే" అని మా అన్నయ్య అన్న రోజే నేను మళ్ళీ గల్ఫ్‌కి వెళ్ళిపోవాలని నిశ్చయించుకున్నాను. మా ఇంటిపేరు మేకల. ఏదో సంస్థానం పేరు పాడుచేసినట్టు మాట్లాడాడు. నేను చేసిందల్లా, కువైట్‌లో ఒకే ఆసుపత్రిలో మూడేళ్ళు కలిసి పనిచేసిన ఎక్స్‌రే టెక్నీషియన్ ఆర్నెల్‌ని నర్సాపురం చర్చిలో, అందరి ఎదుటా పెళ్ళి చేసుకోవడం. అతనిది ఫిలిప్పీన్స్. అన్నయ్య పెళ్ళికి వచ్చి, రెండుసార్లు బిర్యానీ వడ్డించుకుని, చేయి కడుక్కున్నాక ఆ మాట అన్నాడు.

పెళ్ళయిన కొన్ని నెలలకి ఆర్నెల్‌కి దుబాయ్ అవతల రాస్ అల్ ఖైమాలో కొత్త ఉద్యోగం వచ్చింది. నాకు వీసా తీశాడు, ఫ్లాట్ చూశాడు. కాని అది కుటుంబాలకే ఇచ్చే బిల్డింగ్. గురువారం ఒంటిగంటకు ఆఫీసు మూసేలోగా భార్య స్వయంగా కనిపించాలి, లేకపోతే ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేస్తామన్నారు. అతనికి సెలవు దొరకలేదు. ఒక్కదాన్నే వస్తానన్నాను.

నర్సాపురం నుంచి రైల్లో హైదరాబాద్, బేగంపేట నుంచి విమానం. గురువారం ఉదయం ఏడున్నరకు షార్జాలో దిగాను. ఇమిగ్రేషన్, సామాను అన్నీ అయ్యేసరికి తొమ్మిదిన్నర. అక్కడి నుంచి రాస్ అల్ ఖైమాకి షేర్ టాక్సీ, సీటుకి ఇరవై ఐదు దిర్హాములు, అన్ని సీట్లూ నిండితేనే కదులుతుంది. పది దాటినా రెండు సీట్లు ఖాళీ. నాకు ఓపిక అయిపోయింది. "ఆ రెండింటికీ నేనే ఇస్తాను చాచా, యల్లా, పోనివ్వు!" అన్నాను. డ్రైవరు పెషావర్ పెద్దాయన. నవ్వి తాళం తిప్పాడు.

"శోహర్ కే పాస్ జా రహీ హో, బేటీ?" మొగుడి దగ్గరికా అని.

"హా. ఫిలిప్పీన్స్ కా హై." దాచడం నాకు చేతకాదు, అన్నయ్య గొడవ కూడా చెప్పేశాను.

ఆయన అద్దంలోంచి చూసి, అన్నం తింటాడా అని అడిగాడు. "వో చావల్ ఖాతా హై?"

"ముఝ్‌సే జ్యాదా." నాకంటే ఎక్కువే.

"తో ఫిర్ ఝగడా కిస్ బాత్ కా?" అన్నాడు, మరి గొడవ దేనికి అని. మా బంధువుల్లో ఒక్కరికీ తట్టని ప్రశ్న అది.

ఉమ్ అల్ ఖువైన్ దాటాక రోడ్డుకి రెండువైపులా ఇసుకే. ఆ తర్వాత ఒక్క చెట్టు లేని గోధుమరంగు కొండలు వచ్చాయి. పదకొండున్నరకు రాస్ అల్ ఖైమా ఊళ్ళో నఖీల్ అనే పేటలో దిగి, పెట్టె ఈడ్చుకుంటూ, దారి అడుక్కుంటూ బిల్డింగ్ చేరేసరికి పన్నెండుంబావు దాటింది. వాచ్‌మన్ జగిత్యాల మనిషి. తెలుగు వినగానే ప్రాణం లేచొచ్చింది, రెండు నిమిషాలు.

"ఆ ఫిలిపినోతోని నీకేం పనక్కా?"

"ఆయన భార్యని."

పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పాడు. "నీది మేకల సువార్త. ఆయనది సాంతోస్. పెండ్లైతే మొగుని ఇంటిపేరు రావాలె గద? గిది ఫ్యామిలీ బిల్డింగ్. దోస్తులకు తాళమియ్య."

పెళ్ళి సర్టిఫికెట్ పెట్టె అడుగున ఎక్కడో ఉంది, చివరి పేజీలో భర్త పేరు ఉందని చూపించాను. వినలేదు. నర్సాపురంలో ఒక అన్నయ్యని వదిలించుకుని వస్తే ఇక్కడ ఇంకొకడు తయారయ్యాడే అని ఒళ్ళు మండింది. టైమ్ పన్నెండు నలభై. "పద, మీ ముదీర్‌నే అడుగుదాం" అని నేనే ముందు నడిచాను.

ముదీర్, అంటే మేనేజరు, నడివయసు అరబ్బు, బీరువాకి తాళం వేస్తున్నాడు. వాచ్‌మన్ హిందీలో, ఇద్దరి ఇంటిపేర్లూ కలవలేదని ఫిర్యాదు చేశాడు. నాకు వచ్చిన కువైట్ అరబ్బీ ముక్కలన్నీ కూడగట్టుకుని ముదీర్‌ని ఒకే ప్రశ్న అడిగాను: మీ భార్య పాస్‌పోర్టులో ఎవరి ఇంటిపేరు ఉంది?

ఆయన బీరువా దగ్గరి నుంచి వచ్చాడు. "వాళ్ళ నాన్నది. ఇంకెవరిది ఉంటుంది?" అన్నాడు. వాచ్‌మన్ వైపు తిరిగి, "ఖలాస్. తాళం ఇచ్చెయ్" అన్నాడు. ఒంటిగంటకు ఐదు నిమిషాలుండగా సంతకం పెట్టాను, మేకల సువార్త అని, మామూలు కంటే కాస్త పెద్ద అక్షరాలతో.

సాయంత్రం ఆర్నెల్ వచ్చేసరికి అన్నం, ఎండుచేపల వేపుడు సిద్ధం. తలుపు మీద పెట్టడానికి అట్టముక్క మీద పేర్లు రాస్తూ, అతని పూర్తి పేరు అడిగాను. ఆర్నెల్ దిజోన్ సాంతోస్. మధ్యలో ఉన్న దిజోన్ వాళ్ళమ్మ పుట్టింటి పేరట. వాళ్ళ దేశంలో ప్రతి బిడ్డ పేరు మధ్యలోనూ తల్లి ఇంటిపేరు ఉంటుందట. నేను పెన్ను పక్కన పెట్టేశాను. మన ఊళ్ళో మన మనిషినే చేసుకుని ఉంటే, నా పిల్లల పేరులో మేకల అన్న మాటే మిగిలేది కాదు. అప్పుడు ఎవరూ మంటగలిపావు అనేవారు కాదు, అక్షింతలు వేసి దీవించేవారు.

ఇలా భర్త దగ్గరికి వచ్చే అమ్మాయిలకు ఒక్క మాట: బయలుదేరక ముందే పాస్‌పోర్టు చివరి పేజీలో భర్త పేరు ఎక్కించుకోండి, పెళ్ళి సర్టిఫికెట్ పెట్టెలో కాదు, చేతిసంచిలో పెట్టుకోండి. ఇంటిపేరు మాత్రం ఎవరో అడిగారని మార్చుకోకండి.

అన్నయ్యా, ఇది నువ్వూ చదువుతావని తెలుసు. నాకిప్పుడు నాలుగో నెల. బిడ్డ పేరు ఇంకా అనుకోలేదు కాని, మధ్యలో ఏముంటుందో మాత్రం ఖాయం. మేకల.