బ్రెజిల్ ఆవిడకు నల్ల అంచు

మొన్న ఒక పాత ప్రెస్సు ముందు నుంచి నడుస్తుంటే కిరసనాయిలూ సిరా కలిసిన వాసన తగిలింది. డెబ్బయ్యో దశకపు విశాఖ గుర్తుకొచ్చింది.

నాన్న ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్. అమ్మ పోయాక, బడి వదలగానే నేను ఆయన ఆఫీసుకే వెళ్లేదాన్ని. ఆదివారం పేజీకి నాన్న ఒక బ్రెజిల్ రచయిత్రిని అనువదించేవారు. ఆవిడా పత్రికలోనే పనిచేసేదట. ఆవిడ కథలకు మొదలూ చివరా ఉండేవి కావు. వంటింట్లో ఒంటరిగా నిలబడ్డ మనిషి ఆలోచనలు, అంతే. రోజూ ఆవిడ మాటే వింటూ, ఎప్పుడో ఒకరోజు మా హార్బరులో ఓడ దిగి మా ఇంటికి వస్తుందనుకున్నాను.

ఒక సాయంత్రం, అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్ అప్పన్న మావయ్య ఆవిడ ఫోటో బ్లాకు చుట్టూ గీతలు వేసే సీసపు పట్టీలు తిరగేసి బిగిస్తున్నాడు. అలా బిగిస్తే అచ్చులో గీత లావుగా, నల్లగా పడుతుంది. పోయినవాళ్లకే అలా వేస్తారని అప్పటికి నాకు తెలియదు.

"మావయ్యా, అమ్మ ఫోటోకీ ఇలాగే పెట్టావు కదా! నాన్నకు ఇష్టమైనవాళ్లకేనా?"

అప్పన్న మావయ్య చేతులు ఆగిపోయాయి. "ఏటి సారూ, పాపకి సెప్పనేదేటి?"

పక్క బల్ల దగ్గర రాసుకుంటున్న నాన్న కలం మూత పెట్టారు. "ఆవిడ ఇక రాదమ్మా" అన్నారు.

ఓడ తప్పిపోయిందేమో అనుకున్నాను.

తర్వాత నేనూ పత్రికలోనే చేరి, ఆ నల్ల అంచులు ఎన్నో వేయించాను. అవి ఇష్టమైనవాళ్లకేనా అని ఆ సాయంత్రం నేనన్నది మరీ తప్పేమీ కాదనిపిస్తుంది.