ఫీల్డర్ వాంగ్మూలం

మా పెదనాన్నకు ఒకటే పట్టింపు. అట్టముక్కనైనా సరే, విచారణ జరపకుండా ఔట్ ఇవ్వడు.

ఆయన కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో ప్రతి ఆదివారం బేస్‌బాల్ జరుగుతుంది. బంతీ బ్యాటూ ఉండవు. మైదానం బొమ్మ గీసిన అట్ట, ఆటగాళ్ళ కార్డులు, రెండు పాచికలు, అంతే. పాచికలు వేసి పట్టిక చూసుకుంటే బంతి ఎటు పోయిందో తెలుస్తుంది. ఆడేది నేనూ, పక్కింటి బస్సు డ్రైవర్ గారూ. పెదనాన్న అంపైరు.

అంతా సాఫీగానే సాగుతుంది, "ఫీల్డర్స్ ఛాయిస్" పడేదాకా. అంటే బంతి అందుకున్న ఫీల్డరు, కొట్టినవాణ్ణి వదిలేసి, ముందున్న బేస్ అనే మజిలీకి పరుగెడుతున్న మరో రన్నర్‌ను ఔట్ చేయబోవడం. అది పడిందా, పెదనాన్న పాచికలు జేబులో వేసుకుంటాడు. ఆ ఫీల్డర్ కార్డును కళ్ళజోడు పెట్టెకు ఆనించి నిలబెడతాడు. స్కేలుతో అట్ట మీద దూరాలు కొలుస్తాడు. ఒకసారైతే పెద్దమ్మను బీరువా దగ్గర రన్నర్‌గా నిలబెట్టి కదలనివ్వలేదు.

"ఏమండీ, నేను ఔటా కాదా? పొయ్యి మీద పాలున్నాయి!"

"ఫీల్డర్ వాంగ్మూలం లేకుండా ఎలా చెప్పనూ?"

పాలు పొంగిపోయాయి. తీర్పు మాత్రం రాలేదు.

కార్డు నోరు విప్పదు కనక వాంగ్మూలం దాని యజమానే ఇవ్వాలి. ఇక్కడే నాకో సంగతి వింతగా తోచేది. నా ఫీల్డర్‌ను అర నిమిషంలో వదిలేసేవాడు. డ్రైవర్ గారి ఫీల్డర్‌ను అరగంట బోనులో నిలబెట్టేవాడు.

"మొదటి బేస్ పక్కనే ఉందిగా, రెండోదానికెందుకు విసిరాడు?"

"వాడు... ముందు..." అనేవారు డ్రైవర్ గారు. కిందటేడు పక్షవాతం వచ్చినప్పటి నుంచీ ఆయనకు మాట సరిగ్గా రాదు.

"ఊఁ, ముందు? నిదానంగానే చెప్పండి. ఆట ఎక్కడికీ పోదు."

నాకు ఒళ్ళు మండేది. మాట కూడదీసుకోలేని మనిషిని ఇంతలా పీడించడమా!

ఓ రోజు స్క్రూడ్రైవర్ కోసం సొరుగు వెతుకుతుంటే, విరిగిన ఫ్రేముల అడుగున ఆట నియమాల పుస్తకం దొరికింది. ఎప్పుడో పోయిందని పెదనాన్న చెప్పిన పుస్తకం! అందులో ఫీల్డర్స్ ఛాయిస్‌కు ఒకటే వాక్యం: ముందున్న రన్నర్ ఔట్, కొట్టినవాడు సేఫ్. వాంగ్మూలం ఊసే లేదు.

పట్టుకెళ్ళి నిలదీశాను.

"నెమ్మదిగా మాట్లాడు," అంటూ పెదనాన్న తలుపు వేశాడు. "ఆయన ఇంట్లో నోరు విప్పడమ్మా. మాట తడబడితే నామోషీ. మంచినీళ్ళు కావాలన్నా సైగే. రోజూ మాట్లాడించమని డాక్టరు చెప్పాడట. వాళ్ళావిడ మాట్లాడిస్తే విసుక్కుంటాడు. తన తరఫున మాట్లాడడు గానీ ఫీల్డర్ తరఫున మాట్లాడతాడు. తడబడినా, ఆ తడబడింది ఫీల్డరే కదా!"

పుస్తకాన్ని మళ్ళీ ఫ్రేముల కిందే పెట్టేశాను.

మొన్న ఆదివారం మళ్ళీ అదే పడింది. ఈసారి నేనే అడిగాను.

"డ్రైవర్ గారూ, మీవాడు రెండో బేస్‌కే ఎందుకు విసిరాడండీ?"

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. గాలి ఎటు వీచిందో, రన్నర్ బూటు ఎక్కడ జారిందో, ఎండ కంట్లో ఎలా పడిందో, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ ఇరవై నిమిషాలు చెప్పారు.

"అర్థమైంది మహానుభావా, రన్నర్ ఔట్!" అన్నాడు పెదనాన్న ఆవలిస్తూ.

డ్రైవర్ గారు చెయ్యెత్తి ఆపారు.

"ఆగండి. మావాడు... ఇంకా... బంతి విసరలేదు."