కుక్కర్ మూత సినిమా డైరెక్టరు

ఊరు ఇంకా గంట ప్రయాణం ఉందనగా బస్సు మొరాయించింది. మూతపడ్డ ఫ్యాక్టరీ పక్కన అందరూ దిగి నిలబడ్డారు. ముసలి డైరెక్టరు మాత్రం రెండు చేతుల వేళ్లతో చట్రం కట్టి, "అమ్మా, కాస్త పక్కకు జరగండి" అన్నాడు, కెమెరా లేకపోయినా. పాత అలవాటు. లోకం అంతమయ్యాక మిగిలిన ఒకే ఒక్క మనిషి కథనే ఆయన మూడుసార్లు తీశాడు. లోకాన్ని అంతం చేయడానికి పెద్ద సినిమాల వాళ్లు కోట్లు పోస్తారు. ఈయనకు పిట్ట కూడా బయటికి రాని మిట్టమధ్యాహ్నపు వీధి చాలింది. మూడింట్లోనూ హీరో ఆయన బావమరిదే, ముఖానికి కుక్కర్ మూతతో చేసిన ముసుగు. ఆ బావమరిది పోయి మూడేళ్లు. ఇంట్లో ఇప్పుడు మాట్లాడే దిక్కు లేదు.

ఆయన జరగమన్న ఆవిడ జరగకుండా ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీరు కుక్కర్ మూత సినిమా డైరెక్టరు కదండీ! మా ఇంట్లో నెలకోసారి పెట్టుకుంటాం. పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వుతామంటే నమ్మండి."

ఇరవయ్యేళ్లుగా వింటున్న మాటే. అయినా అడగకుండా ఉండలేకపోయాడు. "చివర్లో కూడానా?" హీరో సంచి భుజాన వేసుకుని రోడ్డు వెంబడి ఒక్కడే నడిచి వెళ్లిపోతాడు; ఒక్కరైనా కంటతడి పెడతారని ఆశపడి తీసిన ముగింపు అది.

"మేం నవ్వాం గానీ, మా చిన్నమ్మాయి ఏడ్చిందండీ. పాపం ఆయనకెవరూ లేరా అని ఒకటే గొడవ."

ఆయన చేతుల చట్రం దించాడు. "మరి మీరేం చెప్పారమ్మా?"

"ఏముందండీ, ఎందుకు లేరే పిచ్చిమొహమా, ఎదురుగా కెమెరా పట్టుకుని ఒకాయన ఉంటాడుగా అన్నాను. ఊరుకుంది."

బస్సు బాగైందని కండక్టరు కేకేస్తే అందరూ ఎక్కారు. ఆయన మాత్రం సంచి భుజాన వేసుకుని, వెళ్లొస్తానని కూడా అనకుండా, రోడ్డు వెంబడి ఒక్కడే నడిచి వెళ్లిపోయాడు.