పర్సిస్ టీచర్ ఐదేళ్లు

పర్సిస్‌కి ఏడుపు రావడం మానేసి మూడేళ్లయింది. పోనీ నవ్వు వస్తోందా అంటే అదీ అంతంతమాత్రమే. ఎవరేమన్నా "సరే" అంటుంది. ఇంట్లోవాళ్లు దాన్ని ఓర్పు అనుకున్నారు, చర్చిలోవాళ్లు సాత్వికం అనుకున్నారు. అది రెండూ కాదు. పన్ను పీకేముందు డాక్టరు సూది వేస్తే దవడ ఉందో లేదో తెలియదు చూడండి, మనిషంతా అలా అయిపోయింది. మధ్యాహ్నం అన్నం తిన్నదో లేదో కూడా డబ్బా మూత తీసి చూసుకుంటే గాని ఆమెకు తెలిసేది కాదు.

పుట్టింది రాజమండ్రిలో. తల్లి అక్కడ మిషన్ ఆసుపత్రిలో నర్సు. అమెరికాలో నర్సులు చాలక పిలిచి గ్రీన్‌కార్డులిచ్చిన రోజుల్లో, తల్లి కొంగు పట్టుకుని తొమ్మిదేళ్ల పర్సిస్ ఇల్లినాయ్ వచ్చి పడింది. మొదటి ఆరు నెలలూ క్లాసులో నోరు మెదపలేదు. లెక్కల పీరియడ్‌లో మాత్రం బతికిపోయేది, అంకెలకి యాస ఉండదు కాబట్టి. ఆ లెక్కల టీచరమ్మ రోజూ ఒకసారి ఆమెను బోర్డు దగ్గరికి పిలిచి మార్కర్ చేతిలో పెట్టేది. ఏమీ అడిగేది కాదు, తప్పైతే తుడిచి మళ్లీ ఇచ్చేది. తను కూడా టీచర్ని అవుతానని పర్సిస్ ఆ ఏడాదే నిర్ణయించుకుంది. తెలుగువాళ్ల ఇళ్లలో ఈ మాట చెబితే జబ్బు చేసిందా అన్నట్టు చూస్తారు. తల్లి అలా చూడలేదు, అది పర్సిస్ అదృష్టం.

మాస్టర్స్ చదవడానికి ప్రభుత్వం ఇచ్చే స్టూడెంట్ లోన్ తీసుకుంది. ఆ లోన్‌కి ఒక వెసులుబాటు ఉంది. బీదపిల్లలు చదివే ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు గాని సైన్సు గాని ఐదేళ్లు ఏకధాటిగా, మధ్యలో ఒక్క ఏడాది కూడా తెగకుండా చెబితే, పదిహేడు వేల అయిదు వందల డాలర్ల దాకా అప్పు మాఫీ చేస్తారు. అలాంటి బడుల్లో టీచర్లు నిలవరు. నిలవని చోట నిలబెట్టడానికి ఏదో ఒక ఆశ చూపించాలి కదా.

ఆమెకు దొరికిన స్కూలు తానుండే నేపర్‌విల్‌కి అరగంట దూరంలో, ఫ్యాక్టరీలు మూతపడ్డ ఊళ్లో ఉంది. తొమ్మిదో తరగతికి ఆల్జీబ్రా. మొదటి ఏడాది కొవిడ్ పుణ్యమా అని పిల్లలందరూ కంప్యూటర్ తెర మీద నల్లటి డబ్బాలు. రెండో ఏడాది మనుషులుగా వచ్చారు, ముప్ఫై నాలుగు మంది, ముప్ఫై ఒక్క కుర్చీ. జిరాక్స్ కాగితం నెలకి ఒక్క కట్ట ఇస్తారు, అయిపోతే ఎవరి డబ్బుతో వాళ్లే కొనుక్కోవాలి. వాన పడితే కిటికీ పక్కన బకెట్. ఒక చలికాలం ముగ్గురు లెక్కల టీచర్లు మానేస్తే, వాళ్ల పిల్లలు కూడా పర్సిస్ మీదే పడ్డారు. ఆమె ఎవరితోనూ పోట్లాడలేదు.

మూడో ఏడాది ఒక పిల్ల నలిగిన కాగితం తెచ్చి ఇచ్చింది. "మిస్ పీ, నిన్న మమ్మల్ని అద్దింట్లోంచి పంపించేశారు. హోంవర్క్ కార్లో కూర్చుని చేశాను," అంది. పర్సిస్ ఆ కాగితాన్ని అరచేత్తో సాపు చేసింది, దిద్దింది, పదికి తొమ్మిది వేసింది, తర్వాతి కాగితం తీసుకుంది. కౌన్సెలర్‌కి ఫోన్ చేసి చెప్పడం కూడా చేసింది, అది నియమం కాబట్టి. సాయంత్రం ఇంటికి సగం దూరం వచ్చాక తట్టింది, ఆ పిల్ల మాట విన్నప్పుడు తనకేమీ అనిపించలేదని. అనిపించనందుకు భయం వేయాలి కదా అనుకుంది. అదీ వేయలేదు.

అప్పటికి ఆమెకు పెళ్లయి ఏడాది. భర్త జూడ్ గుంటూరు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. మంచివాడు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత అతని మీద మీకు కోపం వస్తుంది కాబట్టి. ఇంట్లో డబ్బు వ్యవహారమంతా అతనిదే. ఎక్కడ వడ్డీ అర శాతం తగ్గినా అతనికి నిద్రలో కూడా తెలిసిపోతుంది. వాట్సాప్‌లో రెండు వందల తెలుగు కుటుంబాల గ్రూపు ఒకటి ఉంది. అందులో పండగ శుభాకాంక్షల కంటే రిఫరల్ లింకులే ఎక్కువ తిరుగుతాయి. మన లింకు నొక్కి ఎవరైనా ఆ కంపెనీలో చేరితే మనకింత, వాళ్లకింత. బ్యాంకు కార్డు దగ్గర్నుంచి ఇంటి లోన్ దాకా అక్కడ అందరూ అందరికీ లింకులు పంపుకుంటూ ఉంటారు.

కొవిడ్‌లో ఆపేసిన స్టూడెంట్ లోన్ వాయిదాలు రెండు వేల ఇరవై మూడులో మళ్లీ మొదలయ్యాయి. ఆరున్నర శాతం వడ్డీ చూసి జూడ్ ప్రాణం విలవిల్లాడింది. తన కార్ లోన్ ఉన్న ప్రైవేటు కంపెనీ ఐదు శాతానికే స్టూడెంట్ లోన్లు రీఫైనాన్స్ చేస్తోందని, అంటే పాత అప్పు తనే కట్టేసి తక్కువ వడ్డీకి తన దగ్గర రాసుకుంటోందని కనిపెట్టాడు. ఒకరోజు మూడో పీరియడ్‌కీ నాలుగో పీరియడ్‌కీ మధ్య పర్సిస్‌కి ఫోన్ చేశాడు.

"లింక్ పంపాను చూడు. ఈ-సైన్ చేసెయ్, చాలు. లోన్ అదే, వడ్డీ తగ్గుతుంది."

"ఐదేళ్ల మాఫీకి ఏం కాదుగా?"

"దానికీ దీనికీ ఏం సంబంధం? వాళ్లు నీ జాబ్ చూస్తారు గాని, బ్యాంక్ ఏదని చూస్తారా?"

"సరే," అంది పర్సిస్. గుమ్మం దగ్గర ఇద్దరు కుర్రాళ్లు కలబడుతున్నారు. ముప్ఫై పేజీలు బొటనవేలితో కిందికి తోసేసి సంతకం పెట్టింది. వీసా కాగితంలో కామాని కూడా లాయర్‌కి చూపించే జూడ్, ఇక్కడ మాత్రం చివరిదాకా చదవలేదు. రిఫరల్ కింద మూడు వందల డాలర్లు వచ్చాయి. దాంతో మంచి మిక్సీ కొన్నారు.

మరుసటి వసంతంలో ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న స్కూలు ఆమెను రమ్మంది. జీతం ఎక్కువ, క్లాసుకి ఇరవై రెండు మంది, బకెట్లు లేవు, కానీ అది బీదపిల్లల బడి కాదు. ఇంకొక్క ఏడాది ఉంటే ఐదేళ్లు నిండుతాయని, తెగితే అంతా పోతుందని పర్సిస్ వద్దంది. ఆ ఉద్యోగం వేరేవాళ్లకి వెళ్లిపోయింది.

ఈ ఏడాది జూన్ మొదటివారంలో ఐదేళ్లూ నిండాయి. మాఫీ దరఖాస్తు మీద ప్రిన్సిపల్ సంతకం పెట్టి, "ఐదేళ్లున్నవాళ్ల కాగితం మీద సంతకం పెట్టడం నాకిది రెండోసారి," అంది. ఆ వార్త విన్న దగ్గర్నుంచి అత్తగారు దెబోరా కాలు నిలవలేదు. నెలాఖరు ఆదివారం చర్చిలో కృతజ్ఞతా కూడిక పెట్టించింది. అప్పు మాఫీ అయ్యాక పెట్టుకోవచ్చు కదా అని జూడ్ అంటే కొట్టిపారేసింది.

"విశ్వాసంతో ముందే చెల్లించుకోవాల్రా. అమ్మాయ్, నువ్వు సాక్ష్యం చెప్పాలి. నూట ఇరవై మందికి బిర్యానీ కూడా చెప్పేశాను."

"సరే అత్తయ్యా."

కూడికకి మూడు రోజుల ముందు, గురువారం మధ్యాహ్నం, దరఖాస్తు ఎక్కడికి పంపాలో కనుక్కుందామని పర్సిస్ ప్రభుత్వ లోన్లు చూసే ఆఫీసుకి ఫోన్ చేసింది. అవతల అమ్మాయి వివరాలన్నీ తీసుకుని కాసేపు వెతికింది.

"మేడమ్, మీ పేరు మీద మా దగ్గర లోన్ ఏమీ లేదు. రెండు వేల ఇరవై మూడు నవంబర్‌లో ఒక ప్రైవేటు కంపెనీ మొత్తం కట్టేసింది. ఇప్పుడు మీరు వాళ్లకి బాకీ. ప్రైవేటు అప్పుకి ఈ మాఫీ వర్తించదు."

"వెనక్కి మార్చుకోవచ్చా?"

"కుదరదండీ. ఇంకేమైనా సహాయం కావాలా?"

అక్కర్లేదని చెప్పి పర్సిస్ ఫోన్ పెట్టేసింది. బట్టలు మడతపెట్టడం మధ్యలో ఉంది, అవి పూర్తి చేసింది. ఐదేళ్లలో చివరి ఏడాదిన్నర తను ఆ స్కూల్లో దేనికోసం ఉన్నట్టు అని ఒకసారి అనుకుంది. తువ్వాళ్లు బీరువాలో పెట్టింది.

సాయంత్రం జూడ్ రాగానే జరిగినదంతా చెప్పింది. అతను షూ విప్పకుండానే లాప్‌టాప్ తెరిచి, అగ్రిమెంట్ మొదటిసారి చదివాడు. పదకొండో పేజీలో ఉంది, ప్రభుత్వ సదుపాయాలన్నీ వదులుకుంటున్నట్టు. ముఖం పాలిపోయింది.

"వడ్డీలో ఎంతోకొంత సేవ్ అయింది..." అని మొదలుపెట్టి, తనకే సిగ్గేసి ఆపేశాడు. లాప్‌టాప్ మూసేసి, "అమ్మకి చెప్పకు. ఆదివారం గడవనీ. ఐదేళ్లు కాపాడినందుకు థాంక్స్ అని రెండు ముక్కలు చెప్పి కూర్చో, ప్లీజ్," అన్నాడు.

"సరే."

వాళ్ల తెలుగు చర్చికి సొంత భవనం లేదు. అమెరికన్ల చర్చి ఆదివారం రెండు తర్వాత ఖాళీ అయితే, అందులో వీళ్ల ఆరాధన. వెనక హాల్లో బిర్యానీ ట్రేలు దించుతుంటే, కీబోర్డ్ వాయించే కృతి పరుగెత్తుకొచ్చింది. ఇరవై మూడేళ్ల పిల్ల, ఇక్కడే పుట్టింది.

"పర్సిస్ అక్కా, నాకు జాబ్ వచ్చింది! ఆగస్ట్‌లో స్టార్ట్. నీ స్కూల్ లాంటిదే, సేమ్ టైప్. సైన్స్ టీచర్. ఫైవ్ ఇయర్స్ చేస్తే లోన్ పోతుంది కదా, నీకు లాగా."

"ఏ లోన్ ఉంది నీకు?"

"ఫెడరల్, గవర్నమెంట్‌దే. డాడీ రీఫైనాన్స్ చేస్తున్నారు, జూడ్ అన్న లింక్ ఉంది కదా గ్రూప్‌లో, దాంతో. అంతా రెడీ. నేను ఈవెనింగ్ సైన్ చేస్తే ఐపోతుంది."

పర్సిస్ నోరు తెరిచేలోపు పాట మొదలుపెట్టమని ఎవరో పిలిచారు, కృతి వెళ్లిపోయింది. కూడిక అయ్యాక ఆ పిల్లని పక్కకి పిలిచి చెప్పొచ్చు, ఇంటి పరువు ఇంట్లోనే ఉంటుంది. పర్సిస్ అలాగే చేద్దామనుకుంది. ఎందుకో ఫోన్ తీసి గ్రూపు చూసింది. జూడ్ వారం క్రితం మళ్లీ పెట్టిన లింకు అక్కడే ఉంది. "స్టూడెంట్ లోన్ ఉన్నవాళ్లు వదులుకోకండి" అని పైన రాశాడు. పదకొండు మంది బొటనవేళ్లు ఎత్తారు. ఆ పదకొండులో ఎంతమంది ఇళ్లలో టీచర్లున్నారో ఆమెకు తెలియదు.

పాస్టర్ సత్యానందం గారు ఆమె పేరు పిలిచారు. దెబోరా ముందు వరసలో కొత్త పట్టుచీర కట్టుకుని, కానుక కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. జూడ్ తల వంచుకున్నాడు. పర్సిస్ మైకు పట్టుకుంది.

"అందరికీ వందనాలు. ఐదేళ్లు ఆ స్కూల్లో పని చేశాను. లోన్ మాఫీ అవుతుందని ఈ కూడిక పెట్టుకున్నాం. మాఫీ అవ్వలేదు. ఎప్పటికీ అవ్వదు." గొంతు అటెండెన్స్ పిలుస్తున్నట్టే ఉంది. "మేం దాన్ని ప్రైవేటు కంపెనీకి రీఫైనాన్స్ చేశాం. చేసిన రోజే మాఫీ పోయింది. నేను చదవకుండా సైన్ చేశాను. ఆ లింక్ మన గ్రూప్‌లో ఉంది. మీ ఇంట్లో టీచర్లుంటే దాన్ని నొక్కకండి. కృతీ, సాయంత్రం సైన్ చెయ్యకు."

మైకు పాస్టర్ గారికి ఇచ్చేసి వచ్చి కూర్చుంది. హాల్లో ఒక్క ఆమెన్ కూడా వినబడలేదు. ఆయన ప్రార్థన చేద్దామన్నారు. అందరూ కళ్లు మూసుకున్నాక కృతి తండ్రి మెల్లగా ఫోన్ తీశాడు. కీబోర్డ్ వెనక కృతి మాత్రం కళ్లు తెరిచి పర్సిస్‌నే చూస్తోంది.

భోజనాల దగ్గర దెబోరా కోడలి వైపు రాలేదు. వచ్చినవాళ్లకి గరిటెతో వడ్డిస్తూ, పెట్టినవాళ్లకే మళ్లీ పెడుతోంది. పాపం, ఆవిడ తప్పేముంది? జూడ్ వచ్చి పర్సిస్ పక్కన నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అంతమంది ముందు చెప్పాలా? నాతో ఒక్క మాట అంటే నేనే ఆ లింక్ తీసేసేవాణ్ణి కదా."

"గురువారమే చెప్పాను, జూడ్."

గురువారం, శుక్రవారం, శనివారం. ఆ మూడు రోజుల్లో అతను తల్లి ఏమనుకుంటుందో ఆలోచించాడు, బిర్యానీ గురించి ఆలోచించాడు, భార్య ఏం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టాడు. లింకు సంగతి గుర్తే రాలేదు. జేబులోంచి ఫోన్ తీసి, తన మెసేజ్ మీద వేలు నొక్కి పట్టుకుని, చెరిపేశాడు.

పర్సిస్ కాగితం ప్లేటు తీసుకుని వరసలో నిలబడింది. ఆమెకు ఆకలి వేస్తోంది. కడుపులో నిజంగానే మంటగా, పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని గుర్తొచ్చేంతగా వేస్తోంది. అత్తగారి ముందుకు వచ్చి ప్లేటు చాపింది. దెబోరా తలెత్తలేదు, గరిటె మాత్రం ఆగింది.

"సరిపోతుందా?" అంది ఆవిడ చివరికి, ప్లేటు వైపే చూస్తూ.

"సరిపోదత్తయ్యా," అంది పర్సిస్. "ఇంకొంచెం వెయ్యండి."