ఆరు పలకల బెండకాయ

మొన్న ఆదివారం ఎల్బీ నగర్‌లో మా బిడ్డ ఇంట్లో బెండకాయలు ముందేసుకుని కూర్చున్నాను. కూరకు కాదు, మనవరాలి కోసం. చేత్తో చేసిన గ్రీటింగ్ కార్డు తెమ్మని బడిలో చెప్పారట. బెండకాయను అడ్డంగా కోసి, రంగులో ముంచి కాగితం మీద అద్దితే అయిదు రెక్కల పువ్వు పడుతుంది. కాయకు అయిదు పలకలుంటాయి కదా, అందుకని. కోస్తూ ఉంటే ఆరు పలకల కాయ ఒకటి చేతికి తగిలింది. ఎప్పుడో గానీ కనబడదు అలాంటిది. గబుక్కున కొంగులో దాచేశాను. ఈ వయసులో బెండకాయ దొంగతనం చేశాను. ఎందుకో చెప్తాను.

మా బిడ్డ చిన్నప్పుడు మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడ వెనక రెండు గదుల్లో కిరాయికుండేవాళ్లం. నల్లగొండ పల్లె నుంచి కొత్తగా వచ్చాం. మా ఆయన ఆటో నడిపేవాడు. ఓనర్లది గుంటూరు వైపు. ఓనరమ్మ నూరే కందిపచ్చడి వాసనకు గల్లీలో కుక్కలు కూడా లేచి కూర్చునేవి. ఆ ఇంటి సారు ఒక మాట చెప్తేనే, వాళ్లమ్మాయి చదివే ఇంగ్లీషు మీడియం బడిలో మా బిడ్డకు సీటు దొరికింది. నేను మూడో తరగతి దాటనిదాన్ని. బిడ్డ టై కట్టుకుని పోతుంటే మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడి చూసేదాన్ని.

డిసెంబరు వస్తే ఓనరమ్మ పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టి కార్డులు వేయించేది. టూత్‌బ్రష్‌తో రంగు చిలకరించడం, రంగులో ముంచిన దారం కాగితం మడతలోంచి లాగడం, బెండకాయ అద్దడం. తడి కార్డులను బట్టల తీగకు క్లిప్పులు పెట్టి ఆరేసేవారు. ఆరాక పేర్లన్నీ ఆమే రాసేది, పిల్లల రాత వంకరగా ఉంటుందని. ఇలా చేస్తే పిల్లలకు ఓపిక, నేర్పు వస్తాయని ఆమె మాట. ఆ ఏడు బడివాళ్లు మంచి కార్డొకటి ఎంచి, వేసిన పిల్ల పేరుతో అచ్చు వేయించి అందరిళ్లకూ పంపుతామన్నారు. మా బిడ్డకు మూడు రోజులు అన్నం మీద ధ్యాస లేదు. "అమ్మా, నా పేరు అందరిండ్లకు పోతదే," అన్నది. కూరకు తెచ్చిన వాటిల్లో ఆరు పలకల కాయ దొరికితే దానికే కోసిచ్చాను. కార్డు నిండా ఆరు రెక్కల నీలం పూలు అద్దింది.

పేర్లు రాశాక కార్డులు బల్ల మీద పరిచారు. చుట్టుపక్కల ఆడవాళ్లంతా వచ్చారు. నాకు ఇంగ్లీషు రాదు. ఆరు రెక్కల కార్డు మీద ఓనరమ్మ కూతురి పేరుందని మా బిడ్డ మొహం చూసి తెలుసుకున్నాను. దాని పేరు, రంగు కారిపోయిన ఇంకో కార్డు మీద ఉంది.

"అది నాది," అన్నది బిడ్డ.

ఓనరమ్మ నవ్వి నా వైపు తిరిగింది. "ఏమ్మా, నువ్వే చెప్పు. మీ పిల్ల ఇంత బాగా వేస్తుందంటావా?"

పూల వైపు చూశాను. నా కత్తి పక్కకు జారి పడిన గాటు కూడా ఒక రెక్క మీద కనిపిస్తూనే ఉంది. సీటు గుర్తొచ్చింది, టై గుర్తొచ్చింది. "అబద్ధాలు నేర్చినవా?" అని బిడ్డ చెంప మీద కొట్టాను. అంత గట్టిగా కొట్టనవసరం లేదు. చూసేవాళ్లు నమ్మాలని కొట్టాను. నీలం అంటిన చేత్తోనే అది చెంప పట్టుకుంది. చిన్నపిల్లను కొడతావా అని ఓనరమ్మ నన్నే మందలించి, గిన్నెడు పులిహోర ఇచ్చింది. తిన్నాను. బాగుంది కూడా.

ఆ కార్డు అచ్చయి మా గదికీ వచ్చింది. సంగతి తెలియని మా ఆయన, మనింటికి వచ్చిన మొదటి గ్రీటింగని మురిసిపోయి టీవీ మీద పెట్టాడు. బిడ్డ దాని ఎదురుగానే కూర్చుని హోంవర్కు చేసుకునేది. మరుసటి డిసెంబరులో ఎవరూ అడగకముందే రెండు కార్డులు వేసి, బాగున్నదాన్ని ఓనరమ్మ కూతురి ముందు పెట్టింది. ఆ అమ్మాయి థాంక్స్ కూడా చెప్పకుండా తీసుకుంది. ఓనరమ్మ అన్నట్టే ఓపిక, నేర్పు అన్నీ వచ్చాయి.

ఇన్నేళ్లూ నాకొకటే ధైర్యం. తెలియక కొట్టానని బిడ్డ అనుకుంటోందని. మొన్న అది వంటగదిలోంచి వచ్చి నా ముందు చెయ్యి చాపింది.

"కొంగులది తియ్యే అమ్మా."

తీసిచ్చాను. అడ్డంగా కోసి చూసింది.

"నీకింకా యాదికుందా?" అన్నాను.

"నువ్వే కోసిచ్చినవ్ గద. నీకు తెలుసని నాకు ఆ దినమే తెలుసు," అని ఆ ముక్క తన కూతురి చేతిలో పెట్టింది. "ముందుగాల నీ పేరు రాస్కో బిడ్డా. పువ్వులు తర్వాత అద్దు."

దాని చెంప మీది నీలాన్ని, కొట్టిన నాటి సాయంత్రమే సబ్బు పెట్టి రెండుసార్లు కడిగాను. మిగిలిందేమన్నా ఉంటే రోజులు గడిచేకొద్దీ పోతుందిలే అనుకున్నాను. ఏళ్లు వాటి దారిన అవి పోయాయి తప్ప, దాన్ని ముట్టుకోలేదు.