కాకి ముట్టని ఆకు

గంగులు తన పెద్దదినానికి తానే వచ్చిన కథ ఒక వంజరం చేప తలకాయ దగ్గర మొదలైంది.

భావనపాడులో అతనికి బావ సత్యంతో పడవలో పొత్తు, సారా సీసాలోనూ పొత్తే. ఒక సాయంత్రం అప్ప లక్ష్మణమ్మ చేపల కూర వండి, తలకాయ మొగుడి కంచంలో వేసింది. పుట్టింటివాడికి అవమానం జరిగిందని గంగులుకు తోచింది. కడుపులో సారా కూడా అవునంది. తెడ్డు చేతికందే దూరంలోనే ఉంది. తెల్లారేసరికి అప్పకు మొగుడు లేడు. కోర్టు తమ్ముడికి యావజ్జీవం వేసింది.

జైల్లో గంగులు మంచివాడన్న పేరు తెచ్చుకున్నాడు. సారా, తెడ్డు దొరకని చోట మంచితనం అంత కష్టం కాదు. కూరగాయల మడి అతనికే అప్పగించారు. హుద్‌హుద్ తుపాను గాలికి మడి వెనక గోడ పడిపోయింది. గోడ కట్టించే కాగితం ఇంకా ఆఫీసుల్లో తిరుగుతుండగానే, గంగులు వంగమొక్కలకు నీళ్లు పోసి, బాల్చీ బోర్లించి, బయటికి నడిచాడు.

కళింగపట్నంలో జగన్నాధం అన్న పేరుతో ఎండుచేపలు తిరగేస్తూ నాలుగేళ్లు బతికాడు. అక్కడ ఎవరు తగువుపడ్డా, "జగన్నాధాన్ని సూసి నేర్చుకోండ్రా, కోపమంటే ఎరగడు," అనేవారు.

భావనపాడులో అతని పెళ్లాం గురమ్మ వాకిట్లో మాత్రం కానిస్టేబుల్ నరసింగరావు తరచూ కుర్చీ వేయించుకునేవాడు. "మీ ఆయనొచ్చినాడా?" అని ఒక ప్రశ్న. "ఎండురొయ్యలున్నాయా?" అని రెండోది. విసిగిపోయి, తిత్లీ తుపాను వెలిసిన మర్నాడే ఆమె గాజులు పగలగొట్టుకుంది.

"దొంగసాటుగా వచ్చి ఏటకెళ్లినాడు బావూ. మునిగిపోనాడు."

"పీనుగేదే?"

"సముద్రాన్నడుగు."

"సముద్రం నాకు సంతకమెడతాదేటి? పెద్దదినం సెయ్యి. కాకి ముట్టిందా, సచ్చిపోనాడని రాసేస్తాను. ముట్టలేదా, బతికున్నట్టే."

తన స్వేచ్ఛ ఒక కాకి ముక్కు మీద ఉందని ఎండుచేపల బేరగాళ్ల నోట తెలిసి గంగులు కళింగపట్నంలో ఉండలేకపోయాడు. పెద్దదినం నాడు పొద్దున్నే వచ్చి, ఒడ్డున బోర్లించిన పడవ చాటున నక్కాడు.

ఆకులో అన్నం, వంజరం తలకాయ పెట్టారు. కాకి రాలేదు. ఎండుచేపల మీద పడి మెక్కే భావనపాడు కాకులకు ఆ ముద్ద ఏ మూలకి?

కులపెద్ద లక్ష్ముడు బుజ్జగించాడు. "ఒరే గంగులూ, నీ పెళ్లాన్ని మేం సూసుకుంటాం. రారా!"

"ఎప్పుడు సూసినారు గనక?" అంది గురమ్మ.

కాకి ఆకు ముట్టందే భోజనాల బంతి వెయ్యరు. డేగిసాల్లోంచి మసాలా వాసన వస్తోంది. "ఆకలేస్తన్నాదిరా, వచ్చియ్యరా!" అని ఊరంతా ఏడుపు గొంతుతో పిలిచింది.

"రాలేదంటే బతికున్నట్టే," అని నరసింగరావు లేవబోయాడు.

పడవ చాటున గంగులు తట్టుకోలేకపోయాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "కావ్... కావ్..." అని పిలిచాడు.

"ఆత్మ పలికింది!" అని లక్ష్ముడు దణ్ణం పెట్టాడు.

లక్ష్మణమ్మకు ఆ పిలుపు తెలుసు. చిన్నప్పుడు ఒకే గిన్నెలో చద్దన్నం తింటూ, ఇద్దరూ కలిసి కాకుల్ని అలాగే పిలిచేవారు. సత్యం పెద్దదినం నాడు ఆకు కింద పెట్టకముందే కాకి వచ్చి వాలిన సంగతీ ఆమెకు గుర్తుంది. ఆమె వంగి ఆకు రెండు చేతులా ఎత్తుకుని, పడవ వెనక్కి నడిచింది.

"ఇదిగో తలకాయ. తినరా. ఆ దినం నీకెయ్యనేదు గదా."

"అప్పా..."

"తిను."

అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తలకాయ జోలికి పోకుండా ఆకు అందుకుని ఇసకలో పెట్టాడు.

లక్ష్మణమ్మ వెనకే వచ్చిన నరసింగరావు వలతాడుతో అతన్ని పడవకు కట్టాడు. ఊరు గురమ్మ వంక చూసింది. గురమ్మ సముద్రం వంక చూసింది. చివరికి ఎవరో అడిగారు.

"పెద్దా, మరి బంతి మాటేటి?"

లక్ష్ముడు గెడ్డం గోక్కున్నాడు. "ఆకు ముట్టినాడు గదా, అందరం సూసినాం. వడ్డించండి."

నరసింగరావు తాడు కొస కాలి కింద తొక్కిపెట్టి మొదటి బంతిలో కూర్చున్నాడు. లక్ష్మణమ్మ ఉప్పునీళ్లతో చేతులు కడుక్కుని ఇంటికి వెళ్లిపోయింది.

అందరూ తలలు వంచుకుని తింటున్నప్పుడు వచ్చింది కాకి. పడవ వెనక ఇసకలో వాలి, గంగులు కళ్లముందే ఆ తలకాయను తీరిగ్గా పొడుచుకు తిన్నది.

"బావూ, కాకొచ్చినాది! సూడండి, ముట్టినాది!" అని అతను అరిచాడు.

"పులుసు ఇంకొంచెం ఎయ్యండి," అన్నాడు నరసింగరావు.