లోయలో తెలుపు

గ్లెనిస్‌ని నెత్తిన పెట్టుకుంది మేమే, నేలకేసి కొట్టిందీ మేమే. మా ఊరి బుద్ధే అంత.

టాలో అనే వాగు పారే మా లోయలోనే పుట్టింది. అగ్నిమాపక ఆఫీసులో టైపిస్టుగా చేరి, ఉపగ్రహం బొమ్మలు వచ్చిన కొత్తల్లో ఎవరికీ పట్టని ఆ పని మీదేసుకుంది. కొండల్లో అడవి అంటుకుంటే పొగ ఎటు పోతుందో, ఏ వీధివాళ్లు తలుపులు మూసుకోవాలో చెప్పేది. చెప్పినట్టే జరిగేది. ఇంకేం, ముక్కు మీద ఈగ వాలనిచ్చేది కాదు. "పొగ వాసనొస్తోంది గ్లెనిస్" అని ఎవరన్నా అంటే, "నీ ముక్కుకి జీతం ఎవరిస్తున్నారమ్మా?" అనేది. అదీ నా బేకరీలో, నలుగురి ముందు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆవిడకి ఒక్కడే తమ్ముడు, మెర్విన్. గనుల్లో ఊపిరితిత్తులు పాడుచేసుకుని, లోయ అడుగున వాగు పక్కన భార్య డాట్‌తో ఉండేవాడు. కాస్త పొగ తగిలినా ప్రాణం మీదికే. అక్క "రా" అంటే కారెక్కి పైనున్న ఊళ్లోకి వచ్చేసేవాడు, "ఉండు" అంటే ఉండేవాడు.

ఆ ఏడు వేసవంతా కొండ కాలింది. మా దగ్గర వేసవి ముగిసే మార్చి ఆఖర్లో వాన పడింది. అమ్మయ్య అనుకున్నాం. మర్నాడు పొద్దున గ్లెనిస్ నా కౌంటర్ దగ్గర మాంసం కూరిన రొట్టె తింటూ ఫోన్లో బొమ్మ చూపించింది. లోయంతా పాలు పోసినట్టు తెల్లగా ఉంది. వాన పడ్డ మర్నాడు మాకు మంచు దిగడం మామూలే. ఎండెక్కితే కరిగిపోతుంది.

అంతలో ఫోన్ మోగింది. చేతులు జిడ్డుగా ఉన్నాయని స్పీకర్ పెట్టింది.

"అక్కా, బయట ఏం కనపడట్లేదే. వాసన కూడా తేడాగా ఉంది. వచ్చెయ్యమంటావా?"

"మంచురా వెధవా! వాసనంటావా, మీ ఆవిడ టోస్టు మాడ్చుంటుంది."

మెర్విన్ నవ్వాడు, దగ్గాడు. "హీటరు వేడికి ఇల్లంతా ఉక్కగా ఉంది. కిటికీ తీసుకోనా మరి?"

"తీసుకో. తేమ గాలి నీకు మంచిదే."

బేకరీలో అందరూ నవ్వారు.

వేడిని బట్టి తీసే బొమ్మ ఇంకోటి ఉంటుంది. అందులో మంచైతే కనపడుతుంది, పొగైతే కనపడదు. రెండూ పక్కపక్కన పెట్టి చూడందే నోరు విప్పొద్దని కొత్తవాళ్లకి నేర్పిందీ ఈవిడే. వాన పడిందిగా, ఇంకా ఎందుకనుకుందో ఏమో, ఆ పొద్దున చూడలేదు. కాలే దుంగలు తడిసినా పూర్తిగా ఆరిపోవు, లోపల కుములుతాయి. ఆ పొగంతా రాత్రి లోయలోకి జారి కూర్చుంది.

ఎండెక్కింది. తెలుపు కదల్లేదు. గ్లెనిస్ టీ కప్పు పక్కన పెట్టి ఆ రెండో బొమ్మ తెరిచింది. అందులో లోయ శుభ్రంగా ఉంది, మంచన్నదే లేదు. తమ్ముడికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

నా వ్యానులోనే లోయలోకి దిగాం. డాట్ పిలిచిన అంబులెన్సు ఆ పొగలో దారి తెలీక వంతెన దగ్గరే ఆగిపోయి ఉంది. ఇంట్లో కిటికీ బార్లా తీసుంది. మెర్విన్ దాని ముందు కుర్చీలో పోయి ఉన్నాడు. డాట్ కింద కూర్చుని అతని కాళ్లకి బూట్లు తొడుగుతోంది, ఇప్పుడే ఎక్కడికో బయల్దేరుతున్నట్టు.

ఊరు జాలి పడుతుందనుకున్నారా? పబ్బు ముందు సిగరెట్ తాగే మగాళ్లు ఆవిడ మొహమ్మీదికి ఊది, "ఇది మంచా, పొగా, చెప్పు గ్లెనిస్?" అని పళ్లికిలించారు. శవం ఇంకా పూడ్చనేలేదు.

పూడ్చిన రోజు గ్లెనిస్ డాట్ చెయ్యి పట్టుకోబోయింది. డాట్ లాగేసుకుంది.

"కారు తాళాలు పట్టుకుని నిలబడ్డాను వదినా. ఇది పొగే, పద పోదాం అని మొత్తుకున్నాను. అక్క పైనుంచి చూసి చెప్పింది, నీకేం తెలుసు, నోర్మూసుకో అన్నాడు. ఊపిరాడక కొట్టుకుంటుంటే కిటికీ మూయబోయాను. నా చెయ్యి పట్టుకుని ఆపాడు. అక్క తియ్యమంది అన్నాడు."

గ్లెనిస్ ఆ కొత్త మట్టిలోనే కూలబడిపోయింది. లేవదీయడానికి ఒక్కరూ చెయ్యి చాపలేదు.